ఉగాదికి ఏం వండుదాం? చిన్నపిల్లలున్న ఇంటికి పిండివంటల ఎంపిక

నా పుట్టిల్లు రాజమండ్రి, అత్తారిల్లు హనుమకొండ, మేముండేది హైదరాబాద్‌లో. ఉగాది వారం రోజులుందనగానే మా ఇంట్లో రెండు జాబితాలు మొదలవుతాయి. మా అమ్మ ఫోన్ చేసి బూరెలకి మినపప్పు తెచ్చావా అంటుంది. మా అత్తమ్మ పోలెలకి పప్పు ఎంత పోద్దామని అడుగుతుంది. పచ్చడి సంగతీ అంతే. ఒకచోట చిక్కగా అరచేతిలో వేసుకుని నాకేది, ఇంకోచోట కొత్త కుండలో పలచగా కలిపి గ్లాసుల్లో పోసుకుని తాగేది. పెళ్లయిన కొత్తలో అన్నీ చేసేవాళ్లం. బాబు పుట్టాక ఒకే ఒక్క ప్రశ్న మిగిలింది: వీణ్ణి పక్కన పెట్టుకుని ఏది చెయ్యగలం?

పిల్లాణ్ణి టీవీ ముందు కూర్చోబెట్టి వంటింటి తలుపు వేసుకుంటే ఎన్ని రకాలైనా వండొచ్చు. ఒక ఏడాది అలాగే చేశాం. ఆ ఉగాది మా వాడికి అమ్మ "ఇటు రాకు" అని పదిసార్లు అరిచిన రోజుగానే గుర్తుంది. వాడికిప్పుడు నాలుగేళ్లు. ఆ తర్వాతి నుంచి నేను వంటని రుచిని బట్టి కాకుండా, పిల్లాడి చెయ్యి అందులో ఎక్కడ పెట్టొచ్చో చూసి ఎంచుకుంటున్నాను. ఏ పిండివంటలోనైనా పొయ్యి మీద పని కొంత, చేతి పని కొంత ఉంటుంది. ఆ రెండిటినీ విడదీసి, పొయ్యి పని ముందురోజు రాత్రికి తోసెయ్యగలిగితే ఆ వంట మన ఇంటికి పనికొస్తుంది. విడదీయడం కుదరకపోతే అది ఎంత ఇష్టమైన వంటైనా ఇంకో రెండేళ్లు ఆగాలి.

బొబ్బట్లా, బూరెలా?

గోదావరి వైపు వాళ్లకి పండగంటే బూరె. తెలంగాణలో పోలెలు, బక్షాలు, రాయలసీమలో ఓళిగలు, కోస్తాలో బొబ్బట్లు అనేవి దాదాపు ఒకటే వంట. బూరెకీ బొబ్బట్టుకీ లోపలి పూర్ణం కూడా ఒకటే. శనగపప్పు రెండు గంటలు నానబెట్టి, వేళ్ల మధ్య నొక్కితే మెత్తగా నలిగేలా ఉడికించి, నీళ్లు పూర్తిగా వార్చాలి. గ్లాసు పప్పుకి గ్లాసు బెల్లం వేసి గట్టిపడేదాకా తిప్పి, చివర్లో ఏలకుల పొడి, చెంచా నెయ్యి. వార్చిన కట్టు పారబొయ్యకండి, చింతపండు రసం కలిపి చారు పెడితే తీపి తిన్న నోటికి ఎంత హాయిగా ఉంటుందో.

తేడా అంతా ఆ తర్వాతే. మినపప్పు ఒక వంతు, బియ్యం రెండు వంతులు రుబ్బిన పిండిలో పూర్ణం ఉండని ముంచి అప్పటికప్పుడు నూనెలో వదిలితే బూరె. పైపిండి ఎక్కడైనా పలచబడిందంటే పూర్ణం బయటికొచ్చి నూనె ఎగిరిపడుతుంది. మా వాడికి రెండేళ్లప్పుడు మా అమ్మ వాళ్లింట్లో సరిగ్గా అదే జరిగింది. వాడు స్టూలెక్కి నా భుజం పక్కనుంచి మూకుట్లోకి తొంగి చూస్తున్నాడు. బూరె పగిలి నూనె నా మణికట్టు మీద పడింది. జానెడు అటు పడితే వాడి ముఖం. కొళాయి కింద చెయ్యి పెట్టుకుని ఇరవై నిమిషాలు నిలబడ్డాను, అంతసేపూ వాడు నా కొంగు పట్టుకుని ఏడుస్తూనే ఉన్నాడు. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. కాలినచోట పళ్ల పేస్టో పసుపో రాయడం మన ఇళ్లలో అలవాటు. అవేవీ వద్దు, వెంటనే పారే చల్లటి నీళ్ల కింద పెట్టాలి. పిల్లలకి కాలితే, ముఖ్యంగా ముఖానికో చేతివేళ్లకో కాలితే, నీళ్లు పోశాక డాక్టరు దగ్గరికే.

బొబ్బట్టుకి ఈ గండం లేదు. పూర్ణం ముందురోజు రాత్రే చేసి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టొచ్చు. పొద్దున్నే గోధుమపిండి గానీ మైదా గానీ నూనె పోసి బాగా జారుగా కలిపి రెండు గంటలు నానబెట్టాలి. ఆ రెండు గంటల్లో పిల్లాడి పని మొదలవుతుంది. పోయిన ఉగాదికి హాల్లో చాప పరిచి, మధ్యలో పూర్ణం పళ్లెం పెట్టి, వాడి అరచేతులకి నెయ్యి రాశాను. "నిమ్మకాయంత చెయ్యి నాన్నా" అన్నాను. మొదటిది సపోటా అంత అయింది. రెండోది గోళీ. మూడోది చేస్తుంటే సగం నోట్లోకి వెళ్లింది. మా అత్తమ్మ పక్కనే కూర్చుని, వాడు పెట్టిన ఉండని తీసి సరిచెయ్యబోయి ఆగింది. "ఉండనీ బిడ్డా, పెద్దది తాతకి, చిన్నది నాకు" అంది. ఆరోజు మా ఇంట్లో ఇరవై రెండు బొబ్బట్లలో ఏ రెండూ ఒక సైజులో లేవు. ఏది ఎవరిదో వాడే పంచాడు.

వత్తడం, పెనం మీద కాల్చడం పెద్దవాళ్ల పని. పిల్లాడు ఉండలతో చాప మీద ఉంటాడు, పెనం వంటింట్లో ఉంటుంది, మధ్యలో ఒక మనిషి పళ్లెం అందిస్తే చాలు. ఇంట్లో పెద్దవాళ్లు ఒక్కరే ఉంటే, ముందు ఉండలన్నీ అవ్వనివ్వండి, వాడు పడుకున్నాక కాల్చుకోండి. పూర్ణం జారుగా అనిపిస్తే బొబ్బట్టు వత్తేటప్పుడు చిరుగుతుంది. పెనంలో ఇంకో అయిదు నిమిషాలు తిప్పి చల్లారనిస్తే గట్టిపడుతుంది. ఒక్క జాగ్రత్త: బెల్లంతో ఉడుకుతున్న పూర్ణం చర్మానికి అంటుకుంటే నీళ్లలా జారిపోదు, పట్టుకుని లోతుగా కాలుస్తుంది. అందుకే ఆ పని రాత్రికే ముగించాలంటున్నాను.

కాబట్టి ఈ రెండిట్లో నా ఓటు బొబ్బట్లకే. పిల్లలకి ఆరేడేళ్లు వచ్చేదాకా ఇంట్లో బూరెల మూకుడు పెట్టొద్దు. గోదావరి ఆడపిల్లగా ఈ మాట రాయడం నాకూ కష్టమే. మా అమ్మ మొదట్లో నొచ్చుకుంది. ఇప్పుడు తనే వండి, గౌతమి ఎక్స్‌ప్రెస్‌కి ఎవరొస్తుంటే వాళ్ల చేతికి స్టీలు డబ్బా ఇచ్చి పంపుతుంది. మేం వేడి చేసుకుని, గోరువెచ్చగా అయ్యాక బూరె నడుమ వేలితో గుంట చేసి నెయ్యి పోసుకుంటాం. ఆ గుంట చేసే హక్కు మా వాడిది. గారెలకీ ఇదే మాట, నూనె మూకుడు ఉన్న ఏ వంటకైనా ఇదే మాట.

పొయ్యి దగ్గర అంత ఓపిక లేకపోతే

ఉగాది వారం మధ్యలో పడితే ఉద్యోగాలు చేసుకునే ఇంట్లో ముందురోజు రాత్రి పూర్ణం కూడా భారమే. 2026లో మార్చి 19, గురువారం పడింది. అలాంటి ఏడాదికి సున్నుండలు చక్కటి దారి. ముందటి ఆదివారం మినపప్పు దోరగా వేయించి, పిండి పట్టించి డబ్బాలో పోసి పెట్టుకోవచ్చు. పండగనాడు బెల్లం తురుము, గోరువెచ్చని నెయ్యి కలిపితే ఉండ కట్టుకోవడమే మిగులుతుంది. పిల్లల చేతికి ఇంత బాగా ఒదిగే మిఠాయి ఇంకోటి లేదు, పైగా రెండు వారాలు నిలవుంటుంది. లోటు ఒకటుంది. పొడిపిండి గొంతుకి అడ్డం పడుతుంది, పరిగెడుతూ తింటే ఇంకా ప్రమాదం. మూడేళ్లలోపు వాళ్లకి చిదిపి, కూర్చోబెట్టి, పక్కన నీళ్లు పెట్టుకుని తినిపించాలి.

పూతరేకులు ఇంట్లో చెయ్యొచ్చని చాలామందికి తట్టదు. రేకు తియ్యడం మనవల్ల కాదు, నిజమే. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, బియ్యం నీళ్లలో తడిపిన గుడ్డని దాని మీద ఇలా లాగి అలా తీసే పని అత్రేయపురం ఆడవాళ్ల చేతుల్లో ఉంది. 2023లో ఆ పూతరేకులకి భౌగోళిక గుర్తింపు వచ్చింది కూడా. కానీ ఉత్త రేకులు కట్టలుగా అమ్ముతారు. తెచ్చుకుని, తడి గుడ్డతో అలా అద్దితే మెత్తబడతాయి. మీద నెయ్యి, బెల్లం పొడి, జీడిపప్పు పొడి చల్లి మడతపెట్టడమే. పొయ్యితో పనే లేదు. మా వాడు మొదటి మూడు రేకులూ చింపాడు, చింపినవన్నీ చిన్న గిన్నెలో వేసుకుని బెల్లం చల్లుకుని తినేశాడు. నాలుగోది మడత పడింది. వాడు అది ఫ్రిజ్‌లో దాచి వాళ్ల నాన్న ఆఫీసు నుంచి వచ్చేదాకా ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. నాలుగేళ్లు దాటిన పిల్లలుంటే, చెయ్యి నిదానం నేర్పడానికి దీన్ని మించింది లేదని నా నమ్మకం.

పాయసం పెద్దవాళ్ల వంట, పిల్లల చేతికి పని తక్కువ. అయినా ఏడాది, ఏడాదిన్నర పాప ఉన్న ఇంటికి ఇదే సుఖం, ఎందుకంటే తీపి వెయ్యకముందే ఆమె వాటా తీసెయ్యొచ్చు. రెండేళ్లలోపు పిల్లలకి తీపి ఎక్కువగా ఉన్నవి పెట్టొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మార్గదర్శకాల్లో ఉంది. పాలు, మెత్తగా ఉడికిన అన్నం, చిదిపిన అరటిపండు కలిపితే ఆ వయసుకి అదే పాయసం. పండగ పూట పెద్దవాళ్లు తేనె నాకించబోతారు. ఏడాది నిండని బిడ్డకి తేనె చుక్క కూడా ఇవ్వకూడదు, అందులో ఉండగల సూక్ష్మజీవి అంత చిన్న పేగుల్లో విషం తయారుచేస్తుంది. పెద్దవాళ్ల పాయసంలో బెల్లం పొయ్యి కట్టేసి, కాస్త చల్లారాక వెయ్యండి, మరిగే పాలలో పడితే విరుగుతాయి.

పులిహోరలో పిల్లల వాటా పోపుకి ముందే తీయాలి. వేరుశనగలు, శనగపప్పు, జీడిపప్పు అయిదేళ్లలోపు వాళ్ల గొంతుకి మంచివి కావు.

పచ్చడి మాత్రం ఇంట్లోనే

మిగతావన్నీ మిఠాయి కొట్టులో కొనుక్కున్నా నేనేమీ అనను. బొబ్బట్లు ఓ పది తెచ్చుకుని ఇంట్లో పాయసం ఒక్కటి చేసుకున్నా పండగ పండగే. ఉగాది పచ్చడి మాత్రం పిల్లలున్న ఇంట్లో ఇంట్లోనే కలపాలి. ఏడాదిలో పిల్లలకి చేదుని పేరుపెట్టి పరిచయం చేసే రోజు ఇదొక్కటే.

దానికి పని పొద్దున్నే మొదలవుతుంది. ఆ రోజులకి వేపచెట్టు కింద నేల తెల్లగా ఉంటుంది. మా అపార్ట్‌మెంటు వెనక ఖాళీ స్థలంలో ఒక చెట్టుంది. అత్తమ్మ పాత పంచె ఒకటి పరిచి, కొమ్మ అందుకుని మెల్లగా ఊపుతుంది. వాడు పంచె నాలుగు మూలలూ పరిగెత్తి పూలు ఏరతాడు. ఇంటికొచ్చాక ఆ పూలని అరచేతుల మధ్య వేసి మెత్తగా నలిపితే తెల్లటి రెక్కలు విడిపోతాయి, ఆకుపచ్చ కాడలు మిగులుతాయి. జల్లెట్లో జల్లిస్తే రెక్కలు కిందికి రాలతాయి, కాడలు పైనే ఉంటాయి. నాలుగేళ్ల పిల్లాడు అరగంట కదలకుండా కూర్చున్న పని ఏడాది మొత్తంలో నాకు ఇదొక్కటే కనిపించింది. వేపచెట్టు లేని దేశాల్లో ఉన్నవాళ్లు ఎండిన పువ్వు తెప్పించుకుంటే నేతిలో ఒక్కసారి వేయించి వాడుకోవచ్చు, ఏరుకునే ముచ్చట మాత్రం ఉండదు.

ఇక చిక్కటి పచ్చడా, పలచటిదా? మా రాజమండ్రి పద్ధతిలో చింతపండు గుజ్జు, బెల్లం, సన్నగా తరిగిన మామిడి పిందె, వేపపువ్వు, ఉప్పు, కారం అంతే. హనుమకొండ కుండలో నీళ్లు ఎక్కువ పోసి, అరటిపండు, కొబ్బరి ముక్కలు, పుట్నాల పప్పు కూడా వేస్తారు. చల్లగా, కుండ వాసనతో తాగుతుంటే ప్రాణం లేచొస్తుంది. పెద్దవాళ్లకి నేను కుండ పచ్చడే ఇష్టపడతాను, ఈ మాట మా అమ్మకి కూడా చెప్పాను. పిల్లాడికి మాత్రం అందులో ముక్కలు, పుట్నాలు గొంతుకి అడ్డం పడతాయి, కాబట్టి వడకట్టి ఇవ్వాలి. వడకడితే నోటికి తగిలేది తీపి నీళ్లే. చేదు, వగరు విడివిడిగా తెలియవు.

అందుకని మూడేళ్ల నుంచి ఆరేళ్ల మధ్య పిల్లలకి చిక్కటి పచ్చడి పద్ధతే ఎంచుకోండి, కానీ కలపకముందు ఆరు చిన్న గిన్నెల్లో ఆరూ పెట్టండి. ఒక్కొక్కటీ నాలుక చివర చూపించాలి. కారానికి పచ్చిమిరపకాయ వద్దు, తరిగిన చేత్తో కళ్లు నులుముకుంటారు. చిటికెడు మిరియాల పొడి చాలు. వేపపువ్వు రెండు రెక్కలు, అంతకు మించి వద్దు. మొదటిసారి నేను చేదు ముందు పెట్టబోతే అత్తమ్మ ఆపింది. "మొదలు చేదు పెట్టకు బిడ్డా, తీపి పెట్టు. ఎనుకకి తీపి ఉందని తెలిస్తే చేదు కూడా తింటడు" అంది. బెల్లం, మామిడి, ఉప్పు, చింతపండు, మిరియం, చివర వేపపువ్వు, మళ్లీ బెల్లం. వేపపువ్వు దగ్గర వాడి ముఖం ముడుచుకుపోయింది, కళ్లు మూసుకున్నాడు, నాలుక బయటపెట్టి గాలి పీల్చాడు. బెల్లం ముక్క అందుకున్నాక, ఇంకో రెండు రెక్కలు అడిగాడు. ఎందుకురా అంటే, "నానమ్మకి పెడతా, నానమ్మ ముఖం చూస్తా" అన్నాడు.

బెల్లం గురించి ఒక్క మాట. మెరిసే పసుపురంగు బెల్లం కంటే కాస్త ముదురు రంగుది తీసుకోవడం మేలు, రంగు తేలడానికి తరచూ రసాయనాలు వాడతారు. మేం అనకాపల్లి బెల్లం తెప్పించుకుంటాం. ఎక్కడిదైనా, కరిగించి వడకట్టి వాడండి. అడుగున ఇసుక తేరుతుంది, అది పిల్లల పళ్ల కింద పడకూడదు.

ఒక్క పండగే చెయ్యగలిగితే

చంటిబిడ్డ ఉంది, సాయం లేదు, ఈ వసంతంలో ఒక్క రోజే ఓపిక ఉంది అనుకుందాం. హోలీ వెళ్లిన పక్షం రోజులకి ఉగాది, ఆపై తొమ్మిదో తిథికి శ్రీరామనవమి. మూడేళ్లలోపు పిల్లలున్న ఇంటికి నేను నవమినే ఎంచుకోమంటాను. ఉగాదికి పచ్చడి, పాయసం చేసి సరిపెట్టండి. నవమి ప్రసాదాలు చూడండి: పానకం, వడపప్పు, పచ్చి చలిమిడి. మూడిట్లో దేనికీ పొయ్యి వెలిగించక్కర్లేదు. ఎండలు ముదిరే రోజులకి పెద్దవాళ్లు పెట్టిన వంటలివి, పసిపిల్లల తల్లులకి కూడా అవే దారి.

మూడిట్లోనూ పిల్లల చేతికి ఏది మంచిదంటే పానకం. గ్లాసు బెల్లం తురుముకి నాలుగు గ్లాసుల నీళ్లు, పావు చెంచా మిరియాల పొడి, అంతే ఏలకుల పొడి, చిటికెడు శొంఠి. బెల్లం నీళ్లలో వేసి గరిటె చేతికిస్తే, ముక్క కరిగిందో లేదో చూసుకుంటూ తిప్పుతూనే ఉంటారు. వడకట్టేటప్పుడు పలచటి గుడ్డ ఒక కొస పట్టుకోమనండి. చిన్నవాళ్లకి ఇచ్చే గ్లాసులో సగం నీళ్లు కలపండి. చలిమిడి ముద్ద పిసకడం పిల్లలకి మట్టితో ఆడుకున్నట్టే ఉంటుంది, కానీ పిండి పచ్చిది, తడిది, ఆ పూటే అయిపోవాలి. మూడేళ్లలోపు వాళ్లకి పిసకడానికే ఇవ్వండి, తినడానికి కాదు. వడపప్పు రెండు గంటలు నానితే చాలు. అందులో కొబ్బరి, మామిడి, కీరా కోరు కలపొచ్చు. పచ్చి పెసరపప్పు మరీ చిన్నవాళ్లు నమలలేరు, వాళ్లకి కీరా కోరు ఒక్కటే పెట్టండి.

పోయిన నవమికి మా వీధి చివర పందిరి వేశారు. మేం చేసిన పానకం స్టీలు బకెట్లో పోసుకుని వెళ్లాం. వాడికి చిన్న గ్లాసు ఒకటిచ్చి, నిండా పోయకుండా సగమే పోస్తూ పక్కన నిలబడ్డాను. వాచ్‌మన్ తాతకి మొదటి గ్లాసు ఇచ్చాడు. ఆయన తాగి "ఎవరు చేశార్రా బాబూ" అంటే, "నేనే తిప్పాను, నానమ్మ గుడ్డ పట్టుకుంది" అని చెప్పి, ఖాళీ గ్లాసు పట్టుకుని రెండోవారి కోసం బకెట్ దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు.